పాత సిపియులను తుక్కుకు వేయకండి



మన వార్షికోత్సవ సంచికలో ఏటా లక్ష్యం గురించి, క్రమశిక్షణ గురించి, అంబేద్కర్ ఆశయాల గురించి వ్యాసాలు వస్తాయి. రావలసిందే. ఈసారి మేము మాత్రం దుమ్ము గురించి, ర్యామ్ గురించి, పైసా ఖర్చు లేకుండా దొరికే సాఫ్ట్‌వేర్ల గురించి రాయాలనుకున్నాం. అందుకు కారణముంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న వాళ్ళకు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్ల ఏర్పాటు పెట్టింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టిపిఎం 2.0 ఉండాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే 2017 చివర్లో మొదలైన ఎనిమిదో తరమో, ఆ పైదో కావాలంటుంది. అంతకు ముందు కొన్నవన్నీ ఒక్క దెబ్బతో "పనికిరాని సామాను" జాబితాలోకి పోయాయి. కర్నూల్లో అయినా కడపలో అయినా ఏదో ఒక ఆఫీసు వరండాలోకి తొంగి చూడండి, గోడవారన పేర్చిన సిపియులు కనిపిస్తాయి. మన హాస్టల్ స్టోర్ రూములోనే ఏడు ఉండేవి. తుక్కుకు వేద్దామని లిస్టు కూడా రాశారు.

ఆ ఏడింటిలో ఐదు ఈ రోజు నడుస్తున్నాయి. మిగతా రెండింటి సామాన్లు ఈ ఐదింటిలో ఉన్నాయి.

మేము అంటే ముగ్గురం. ఇద్దరిది కర్నూలు పడమటి పల్లెలు, ఒకరిది ఎర్రగుంట్ల పక్క. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చేతికి తీసుకున్నది మేమే మొదలు. మాలో ఒకరు తెలుగు, ఒకరు ఎకనామిక్స్, ఒకరు కెమిస్ట్రీ పి.జి. చదువుతున్నాం. ఈ పనికి కంప్యూటర్ సైన్స్ చదవనక్కర్లేదని తెలియడం కోసమే ఇదంతా చెబుతున్నాం. ఒక స్క్రూడ్రైవరు, ఒక పెయింటు బ్రష్షు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఫోను ఉంది కదా అంటారు

మేము సిపియులు విప్పుతుంటే అందరూ అడిగిన మాట ఇదే. "అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇంకా ఈ డబ్బాలెందుకు?" ఫోన్లో పాఠం వినవచ్చు, నోట్సు చదువుకోవచ్చు. కానీ పరీక్ష ఫోన్లో పెట్టడం లేదు. మన రాష్ట్రంలో ఎంసెట్ 2017 నుండి కంప్యూటర్ మీదనే జరుగుతోంది. 2025లో 16,347 టీచరు పోస్టులకు జరిగిన మెగా డిఎస్సీ కూడా కంప్యూటర్ ముందు కూర్చుని రాసిందే. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు ఎప్పుడో అటు పోయాయి. ఎపిపిఎస్సీ ఉద్యోగాల్లో కొన్నింటికి కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష వేరేగా ఉంది. పట్నం పిల్లవాడు చిన్నప్పుడే ఇంట్లో మౌసు పట్టి ఉంటాడు. మన తమ్ముడు ఇంటర్ అయిపోయాక పరీక్ష హాల్లో మొదటిసారి పడతాడు. పక్క ప్రశ్నకు పోవడానికి ఎక్కడ నొక్కాలో, గుర్తు పెట్టిన జవాబును ఎట్లా మార్చాలో వెతుక్కునే లోపల నిమిషాలు జారిపోతాయి. ఒక్క మార్కు తేడాకు ర్యాంకు ఎంత కిందికి పోతుందో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. చదువులో వెనకబడి కాదు, మౌసు దగ్గర వెనకబడి సీటు పోతే ఆ బాధ ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకో సంగతి. అప్లికేషన్ పెట్టాలంటే నెట్ సెంటరుకు పోతాం. ఒక్కో అప్లికేషనుకు వాళ్ళు అడిగినంత ఇస్తాం. అది ఒక ఖర్చు. మన ఆధార్ కాపీ, కుల ధ్రువీకరణ పత్రం, టెన్త్ మెమో, సంతకం స్కాన్ చేసి అక్కడి కంప్యూటర్లోనే వదిలేసి వస్తాం. అది ఖర్చు కంటే పెద్ద సంగతి. ఆ డెస్క్‌టాప్ మీద ఎన్ని వందల మంది ఆధార్ కార్డులు పడి ఉంటాయో ఈసారి పోయినప్పుడు చూడండి. ఇక చెల్లెళ్ళ హాస్టళ్ళ సంగతి మరీ కష్టం. పొద్దుగూకే సరికి గేటు వేస్తారు. చివరి తేదీ రాత్రి సర్వర్ ఖాళీగా ఉండే వేళకు బయటికి పోవడానికి వీలుండదు. ఒక్క పాత సిపియు బాగుచేసి పెడితే అది మొదట పోవాల్సింది ఆడపిల్లల హాస్టలుకే అని మా అభిప్రాయం. మా దగ్గరి ఐదింటిలో రెండు అక్కడికే ఇచ్చాం.

మనకెప్పుడూ పాతవేనా?

ఇది మమ్మల్ని గుచ్చిన ప్రశ్న. పూర్వ విద్యార్థి అన్న ఒకాయన అడిగాడు. "పెద్దింటోళ్ళు విడిచిన చొక్కాలు తొడుక్కుని బడికి పోయినాం, పై తరగతి వాళ్ళ చినిగిన పుస్తకాలు చదివినాం. కంప్యూటర్ కూడా ఇంకొకరు పారేసిందేనా మనకు? కొత్తవి ఇవ్వమని ప్రభుత్వాన్ని అడగండప్పా, తుక్కు తుడుస్తూ కూర్చుంటే మీకు తుక్కే ఇస్తారు." ఆ మాటలో తప్పు లేదు. సాంఘిక సంక్షేమ హాస్టలుకు కొత్త కంప్యూటర్లు ఇవ్వడం దయాధర్మం కాదు, బాధ్యత. అడుగుతూనే ఉండాలి. మేము బాగుచేసిన ఐదింటిని చూపించి "మీకున్నాయి కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఈ మాట వార్డెన్ సార్‌కు కూడా చెప్పాం.

అయితే కొత్తవి వచ్చిన చోట ఏమైందో కూడా చూడాలి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చే పెద్ద పథకం వచ్చింది. ఒకే సిపియుకు కొన్ని స్క్రీన్లు తగిలించి పిల్లలందరికీ అందించే పద్ధతి. ఆలోచన మంచిదే. ఒప్పందం ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళు అయిపోయాక మేము హైస్కూలుకు చేరాం. మా బళ్ళో కంప్యూటర్ గదికి తాళం ఉండేది. కిటికీ సందులోంచి చూస్తే గుడ్డ కప్పిన మానిటర్లు వరసగా కనిపించేవి. పదో తరగతి అయ్యే దాకా ఆ గుడ్డ తీయగా చూడలేదు. పాడైంది ఏమిటో చెప్పేవాడు లేడు, బాగు చేయడానికి బడ్జెట్టు లేదు. కొత్తది పాతదవడానికి ఐదేళ్ళు చాలు. విప్పి చూసే చేయి లేకపోతే రేపు వచ్చే కొత్తవి కూడా అదే గుడ్డ కిందికి పోతాయి. కేరళలో 2001లో మొదలైన ఐటి ఎట్ స్కూల్ పథకం, ఆ తర్వాత 2017లో ఏర్పడిన కైట్ సంస్థ ప్రభుత్వ బడుల్లో ఉచిత లినక్స్ సాఫ్ట్‌వేరే నడుపుతూ, టీచర్లకే ఆ శిక్షణ ఇచ్చాయి. అక్కడ అది జరిగిందంటే యంత్రం ఇవ్వడంతో చేతులు దులుపుకోలేదు కాబట్టే.

అందుకని అన్నకు మా జవాబు ఇది. కొత్తవి అడుగుదాం. అవి వచ్చే లోపల పాతవాటి మీద చేయి తిప్పుకుందాం.

సీమ దుమ్ము

ఇక పనిలోకి వద్దాం. మన ప్రాంతంలో కంప్యూటరుకు మొదటి శత్రువు వైరస్ కాదు, దుమ్ము. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల పాలిష్ మిషన్ల పొడి, సిమెంటు ఫ్యాక్టరీల పొడి గాల్లోనే ఉంటాయి. అవి లేని చోట ఎండాకాలపు గాలి చేలలోని మట్టిని మోసుకొచ్చి ఇంట్లో పోస్తుంది. ఆ పైన కడప ఎండ. సిపియు లోపల ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకుల దిమ్మె ఒకటి, దాని మీద ఫ్యాను ఉంటాయి. ఆ రేకుల సందుల్లో దుమ్ము నిండితే కంబళి కప్పినట్టే. వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆఫ్ అయిపోతుంది. మనం "స్లో అయింది, పాతదైంది" అంటాం. మేము విప్పిన ఏడింటిలో నాలుగింటి జబ్బు ఇదే.

కరెంటు తీగ పీకేయండి. పీకాక పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కొంత దిగిపోతుంది. పక్క రేకు తీసి, ఆరుబయట పెట్టి, పొడి బ్రష్షుతో మెల్లగా దులపండి. బ్లోయర్ దొరక్కపోతే సైకిల్ పంపు చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను గిర్రున తిరగకుండా పుల్ల అడ్డం పెట్టండి, లేకపోతే దాని బేరింగు పోతుంది. తడి గుడ్డ వద్దు. కరెంటు వచ్చే పెట్టెను, అదే ఎస్‌ఎంపిఎస్‌ను, ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. తీగ పీకినా దాని కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. ప్రాసెసర్‌కూ రేకుల దిమ్మెకూ నడుమ పూసే పేస్టు పదేళ్ళలో ఎండి సున్నంలా పొడి రాలుతుంది. దాన్ని తుడిచి బఠాణి గింజంత కొత్త పేస్టు పెడితే చాలు. చాలామంది వేడెక్కుతోందని పక్క రేకు శాశ్వతంగా తీసి పెడతారు. అది మన దగ్గర బల్లులకు ఇల్లు కట్టివ్వడమే. ఒక సిపియులో మాకు ఎండిన బల్లి, ఇంకోదాంట్లో చీమల పుట్ట దొరికాయి. రేకు బిగించే ఉంచండి, కంప్యూటర్‌ను నేల మీద కాక బల్ల మీద పెట్టండి.

ఆన్ చేస్తే బీప్ బీప్ మని అరుస్తూ స్క్రీను నల్లగా ఉంటే భయపడకండి. ఎక్కువసార్లు ర్యామ్ కదిలిందనో, దాని పళ్ళ మీద మసి పట్టిందనో అర్థం. ర్యామ్ పట్టీని తీసి, బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ రెండు వైపులా క్లిప్పు పడేదాకా నొక్కండి. తుక్కు లిస్టులో ఉన్న ఒక సిపియు కేవలం దీనితో లేచి కూర్చుంది.

ఇంకొక చిన్న జబ్బు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సిఆర్ 2032 అంటారు, 3 వోల్టులు. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతదానికి పోతుంది. తేదీ తప్పుంటే బ్రౌజరు "ఈ సైటు సురక్షితం కాదు" అని స్కాలర్‌షిప్ సైటునైనా తెరవదు. పిల్లలు సర్వర్ డౌన్ అనుకుని నెట్ సెంటరుకు పరిగెత్తుతారు. వాచీల అంగట్లో ఆ బ్యాటరీ దొరుకుతుంది.

ఎండాకాలం చివర ఉరుముల వానలప్పుడు కరెంటు ప్లగ్గే కాదు, నెట్ తీగ కూడా పీకేయండి. పిడుగు రెండు దారుల్లోనూ వస్తుంది.

డబ్బు పెట్టాల్సింది ఒక్కచోటే

పాత కంప్యూటర్‌కు ఏదైనా కొనాలంటే మొదట కొనాల్సింది ఎస్‌ఎస్‌డి. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతూ, సూది లాంటిది వెతుకుతూ చదువుతుంది. ఎస్‌ఎస్‌డిలో తిరిగేది ఏమీ లేదు. ప్రాసెసర్ పాతదే, ర్యామ్ పాతదే ఉన్నా డిస్కు మార్చగానే మా 2012 నాటి కోర్ ఐ3 నాలుగు నిమిషాల బదులు అర నిమిషంలో లేచింది. పెద్దది అవసరం లేదు, 120 లేదా 240 జిబి చాలు. పాత మదర్‌బోర్డులోని సాటా సాకెట్టుకు కొత్త సాటా ఎస్‌ఎస్‌డి సరిపోతుంది. పాత హార్డ్ డిస్కును పారేయకుండా సినిమాలకో, పిడిఎఫ్‌లకో రెండోదిగా పెట్టుకోండి. ర్యామ్ 4 జిబి ఉంటే పని జరుగుతుంది, 8 ఉంటే సుఖం. కొనేటప్పుడు డిడిఆర్ 2నా, డిడిఆర్ 3నా చూసుకోవాలి. ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు, గాడి చోటు వేరు. మెమరీ ధరలు ఈమధ్య బాగా ఊగుతున్నాయి కాబట్టి ఇద్దరు ముగ్గురిని అడిగి కొనండి. పాత ర్యామ్ అయితే సెకండ్ హ్యాండే మేలు.

కొనే ముందు ఏది చెడిపోయిందో తెలుసుకోవడానికి ఉచిత సాధనాలున్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో తెరిస్తే హార్డ్ డిస్కు ఆరోగ్యం బాగుందా, జాగ్రత్త పడాలా, పోతోందా అని రంగులో చెబుతుంది. పసుపు రంగు కనిపించిన రోజే ఫైళ్ళు ఇంకో చోటికి ఎక్కించండి. సిపియు-జెడ్ తెరిస్తే లోపల ఏ ప్రాసెసర్, ఏ ర్యామ్, ఎన్ని స్లాట్లు ఖాళీ అనేది డబ్బా విప్పకుండానే తెలుస్తుంది. ఊరికే ఊరికే నీలం తెర వచ్చి ఆగిపోతుంటే మెమ్‌టెస్ట్ 86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఎర్ర గీతలు వస్తే ర్యామ్ మార్చాలి. పొరపాటున ఫైళ్ళు చెరిపేస్తే ఫోటోరెక్ చాలావరకు తిరిగి తెస్తుంది, చెరిపిన తర్వాత ఆ డిస్కులో కొత్తగా ఏమీ రాయకుండా ఉంటేనే.

ఉచితం పేరుతో వచ్చే మోసం

ఇక్కడ మా అభిప్రాయం కాస్త గట్టిగా చెబుతాం. "పిసి బూస్టర్", "ర్యామ్ డబుల్", "డ్రైవర్ అప్‌డేటర్", "రిజిస్ట్రీ క్లీనర్" పేర్లతో వచ్చేవేవీ వేయకండి. లేని జబ్బు చూపించి మందు అమ్మే సంత వైద్యుల లాంటివి అవి. పేరున్నవి కూడా నూటికి నూరు పాళ్ళు నమ్మడానికి లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే హ్యాకర్లు మాల్‌వేర్ దూర్చారు, దాదాపు 22 లక్షల మంది దాన్ని వేసుకున్నాక గాని బయటపడలేదు. విండోస్‌లో ఉన్న డిస్క్ క్లీనప్ చాలు. ఆన్ కాగానే ఏవేవి లేస్తున్నాయో టాస్క్ మేనేజర్ స్టార్టప్ పేజీలో చూసి అక్కర్లేనివి ఆపండి. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఇచ్చే ఆటోరన్స్ ఉంది. డిస్కు దేనితో నిండిందో తెలియాలంటే విన్‌డిర్‌స్టాట్ రంగు గడులుగా చూపిస్తుంది. మా దాంట్లో సగం డిస్కు ఒకే సినిమా నాలుగు కాపీలతో నిండి ఉంది, ఏ సినిమానో చెప్పం.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని తయారు చేసిన వాళ్ళ సైటు నుండే దించుకోండి. గూగుల్‌లో పైన వచ్చే పెద్ద పచ్చ "డౌన్‌లోడ్" బటన్లలో చాలావి ప్రకటనలు. నినైట్ సైటులో కావలసిన వాటికి టిక్కులు పెడితే అన్నింటినీ ఒకేసారి, మధ్యలో చెత్త అంటించకుండా వేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో యుబ్లాక్ ఆరిజిన్ తగిలించుకుంటే ప్రకటనల బరువు తగ్గి పాత యంత్రం కూడా ఊపిరి పీల్చుకుంటుంది. జిప్ ఫైళ్ళకు 7-జిప్. ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్. వీడియోలకు విఎల్‌సి.

విఎల్‌సి పుట్టుక మనం తెలుసుకోదగ్గది. 1996లో పారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్ మీద వీడియో చూడటానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2001లో ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు దాన్ని లోకానికి ఇచ్చేశారు. దాని గుర్తు అయిన నారింజ రంగు రోడ్డు కోను కూడా ఆ కాలేజీ నెట్‌వర్క్ సంఘం పిల్లలు ఎత్తుకొచ్చి పోగేసిన కోన్ల జ్ఞాపకమే. లినక్స్ మొదలుపెట్టినప్పుడు, 1991లో, లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో 21 ఏళ్ళ విద్యార్థి. హాస్టల్ గదుల్లోంచి ఏమీ రాదనుకునే వాళ్ళకు ఈ రెండూ చెప్పండి.

ముసలెద్దుకు తగిన బరువు

ముసలి ఎద్దుకు బండెడు రాళ్ళు ఎత్తి, కదల్లేదని ముల్లుగర్రతో పొడిస్తే ఏం లాభం? పాత కంప్యూటర్‌లో కొత్త విండోస్‌ను బలవంతంగా ఎక్కించడం అట్లాంటిదే. మన దగ్గర ఇంకొక అలవాటు ఉంది. అంగట్లో ఇచ్చి "విండోస్ కొట్టించుకుని" వస్తాం. అది క్రాక్. ఆ క్రాక్ పనిచేయడానికి యాంటీవైరస్ ఆపుతారు, అప్‌డేట్లు ఆపుతారు. తలుపులు తీసి నిద్రపోయినట్టే. 2017 మేలో వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బులడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా దానికి చిక్కాయి. దాన్ని ఆపే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోని చోటల్లా అది దూరింది.

అందుకే ఐదింటిలో నాలుగింటికి మేము లినక్స్ మింట్ వేశాం, ఎక్స్‌ఎఫ్‌సిఇ అనే తేలిక రకం. 2 జిబి ర్యామ్‌తో కూడా నడుస్తుంది, 4 ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. లైసెన్సు లేదు, క్రాక్ లేదు, వైరస్ పెన్‌డ్రైవ్ పెట్టినా దాదాపు ఏమీ కాదు. ఇంకా పాతవి, 1 జిబి ర్యామ్ ఉన్నవి అయితే యాంటిక్స్ గాని, పప్పీ లినక్స్ గాని ప్రయత్నించండి. మన దేశంలో సి-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్ కూడా ఉంది.

వేసే ముందు రుచి చూడవచ్చు. వెంటాయ్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకుంటే అందులో రెండు మూడు రకాల లినక్స్ ఫైళ్ళు ఊరికే కాపీ చేసి పెట్టుకోవచ్చు. ఆన్ చేస్తూ ఎఫ్12 గాని, ఎఫ్9 గాని, కంపెనీని బట్టి ఏదో ఒక మీట నొక్కితే పెన్‌డ్రైవ్ నుండి లేస్తుంది. డిస్కును ముట్టుకోదు. నెట్ వస్తోందా, శబ్దం వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి. నొక్కే ముందు ఫైళ్ళు రెండో చోట ఉండాలి. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగినప్పుడు ఎన్ని ఆఫీసుల కాగితాలు బురదయ్యాయో పెద్దలు చెబుతారు. ఒక్క బీరువాలో ఉన్న కాగితానికీ, ఒక్క డిస్కులో ఉన్న ఫైలుకూ తేడా ఏమీ లేదు.

లినక్స్‌లో ఇబ్బందులు లేవని మేము అనం. కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి. డిజిటల్ సంతకం అడిగే కొన్ని సైట్లు విండోసే కావాలంటాయి. పేజ్‌మేకర్‌లో చేసే డిటిపి పని జరగదు. మన పాత సంచికలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫైలును ఇప్పటి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కనిపిస్తాయి. కాబట్టి ఐదో కంప్యూటర్‌ను పాత విండోస్ ఎక్స్‌పితోనే ఉంచాం. ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి నెట్ తీగ తగిలించం. పాత సంచికలను దాని మీద తెరిచి, ఒక్కొక్కటిగా పిడిఎఫ్ చేస్తున్నాం. ఎవరి దగ్గరైనా పాత సిడిలు ఉంటే ఇవ్వండి. సిడిలు కూడా చెడిపోతాయి, ఇప్పటికే రెండు చదవడం లేదు.

తెలుగు టైపింగ్‌కు యూనికోడే అలవాటు చేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఊరికే ఉంటుంది. మొదటి వారం చేతులు నొప్పి పుడతాయి, మూడో వారానికి కుదురుతుంది. పోతన, వేమన లాంటి పాత యూనికోడ్ ఫాంట్లు, సిలికానాంధ్ర వాళ్ళు ఇచ్చిన మండలి, రామరాజ, సూరన్న లాంటివి ఉచితం. కార్డు వేయాలన్నా, కరపత్రం వేయాలన్నా అంగడికి పోనక్కర్లేదు. వేళ్ళు తిరగడానికి టక్స్ టైపింగ్, క్లావరో ఉన్నాయి. చిన్న తరగతుల వాళ్ళు టక్స్ టైపింగ్‌ను ఆట అనుకుని ఆడుతున్నారు, ఆడనివ్వండి.

డెస్క్‌టాప్ అలంకారం గురించి చాలా గొడవలు జరిగాయి. ఒకరికి గండికోట కావాలి, ఒకరికి హీరో కావాలి, ఒకరు రోజూ మారుస్తారు. తలా ఒక లాగిన్ చేసి ఇస్తే గొడవ తీరింది. ఎవరి గోడ వాళ్ళది. పరీక్షలకు వేరే లాగిన్ పెట్టాం, అందులో బ్రౌజరు, టైపింగ్, లిబ్రే ఆఫీస్ తప్ప ఏమీ ఉండవు. జారిపడే కిటికీలు, నీడలు, మెరుపులు ఆపేశాం. చూడటానికి బోడిగా ఉంది, వేగంగా ఉంది.

పూర్వ విద్యార్థులకు ఒక మాట

అన్నలారా, అక్కలారా, మీలో చాలామంది ఆఫీసుల్లో, కాలేజీల్లో, బెంగళూరు హైదరాబాదు కంపెనీల్లో ఉన్నారు. విండోస్ 11 పట్టలేదని తీసేసిన యంత్రాలు మీ కళ్ళ ముందే పోతుంటాయి. రూల్స్ ప్రకారం ఇవ్వగలిగినవి అడిగి ఇప్పించండి. డిస్కులో ఆఫీసు సమాచారం ఉంటుందని వెనకాడితే డిస్కు తీసేసే ఇవ్వండి, మిగతాది మేము చూసుకుంటాం. వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు తెచ్చే బదులు ఒక ఎస్‌ఎస్‌డి తెస్తే మాకు ఎక్కువ సంతోషం. డిడిఆర్ 3 ర్యామ్ పట్టీలు, నడిచే కీబోర్డులు, మౌసులు, యుపిఎస్ బ్యాటరీలు ఏవైనా సరే. పూర్తిగా చచ్చిన మదర్‌బోర్డులు, ఉబ్బిన బ్యాటరీలు మాత్రం తుక్కు బండికి కాకుండా ఇ-వేస్ట్ తీసుకునే అనుమతి ఉన్న వాళ్ళకే ఇవ్వండి. తీగలు కాల్చి రాగి తీసే పని మన వాడల పిల్లలే చేస్తున్నారు, ఆ పొగ వాళ్ళే పీలుస్తున్నారు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ప్రతి ఆదివారం ఉదయం టిఫిను అయ్యాక రీడింగ్ రూములో ఒక సిపియు విప్పుతాం. మా ముగ్గురి పి.జి. ఈ ఏడాదితో అయిపోతుంది, తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి కనీసం నలుగురు కావాలి. ఉగ్గాని తిన్న చేతులు కడుక్కుని రండి. పెద్ద పొట్ట ఉన్న పాత మానిటర్లు మాత్రం ఎవరూ తేవద్దు, కరెంటు ఎక్కువ తాగుతాయి, పెట్టడానికి చోటు కూడా లేదు.